నాలుగేళ్లలో ఒకటిన్నర పేపరు: ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ ఎదుగుదలను ఎలా తూచాలి?

పానగల్లు పాతకాపు:

సభ్యులందరికీ నమస్కారం. వైద్య కళాశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పి, పదవీ విరమణ తరువాత నల్లగొండలోనే ఉంటున్నాను. మన ప్రాంతంలోని ఒక కళాశాల వారు తమ కమ్యూనిటీ మెడిసిన్ (ప్రజారోగ్య) విభాగంలో పనిచేస్తున్న ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ నాలుగేళ్ల పనిని పరిశీలించి అభిప్రాయం రాసి ఇమ్మని అడిగారు. కళాశాల పేరు గానీ ఆమె పేరు గానీ ఇక్కడ చెప్పను, చర్చకు వాటి అవసరమూ లేదు.

ఫైలు నా బల్ల మీదే ఉంది. మొదటి రచయితగా ఆమె వ్యాసం ఒకటి అచ్చయింది. రెండోది సవరణల కోసం పత్రిక నుంచి తిరిగి వచ్చింది. మూడో దానిలో ఆమె పేరు అయిదో స్థానంలో ఉంది. పరిశోధన నిధి ఏదీ రాలేదు, దరఖాస్తు మాత్రం రెండుసార్లు చేశారు. ఆమెతో పాటే చేరిన మరో విభాగపు ఉపాధ్యాయుడికి 11 వ్యాసాలున్నాయని ఫైలు అట్ట లోపలి వైపు ఎవరో పెన్సిలుతో రాసి, ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి పెట్టారు. ఆ సున్నాయే నన్ను ఇక్కడికి తెచ్చింది.

ఆమె చేస్తున్న పని ఇది. భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఎక్కువైన మన జిల్లా మర్రిగూడ, నాంపల్లి మండలాల వైపు కొన్ని బడులను ఎంచుకుని, ఇంటింటికీ నల్లా నీళ్లు వచ్చిన తరువాత పెరుగుతున్న పిల్లల ఒంట్లోకి ఇంకా ఎంత ఫ్లోరైడు చేరుతున్నదో ఏటేటా చూస్తున్నారు. పళ్లను పరీక్షిస్తారు, మూత్రంలో ఫ్లోరైడును కొలుస్తారు, ఆ ఇంట్లో వంటకు ఏ నీళ్లు వాడుతున్నారో అడిగి రాసుకుంటారు. దీన్ని ఎలా తూచమంటారు? "పని బాగుంది, వ్యాసాలు తక్కువ" అని రెండు ముక్కలు రాసి పంపడం నాకు ఇష్టం లేదు.

నిబంధనల సంచి:

సార్, నేను నియామకాలు, పదోన్నతుల ఫైళ్లు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేసినవాడిని. ముందు రెండు ప్రశ్నలను విడదీయండి. ఆమె పదోన్నతికి అర్హురాలా అన్నది ఒకటి, పరిశోధకురాలిగా ఎదుగుతున్నారా అన్నది మరొకటి. మొదటి దానికి జవాబు నిబంధనల్లోనే ఉంది. జాతీయ వైద్య కమిషన్ 2022 ఫిబ్రవరిలో ప్రకటించిన అర్హతల ప్రకారం అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా 4 ఏళ్లు, 2 వ్యాసాలు ఉండాలి. అక్కడి నుంచి ప్రొఫెసర్ కావాలంటే మరో 3 ఏళ్లు, మొత్తం 4 వ్యాసాలు ఉండాలి. దరఖాస్తుదారు పేరు మొదటి ముగ్గురిలో ఉండాలి, లేదా పత్రికతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపిన రచయిత తానే అయి ఉండాలి. పత్రిక కూడా గుర్తింపు పొందిన సూచికల్లో (పత్రికల జాబితాల్లో) ఏదో ఒకదానిలో చేరినదై ఉండాలి. వీటికి తోడు చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ నడిపే పరిశోధనా పద్ధతుల ఆన్‌లైన్ కోర్సు, వైద్య విద్యా బోధన శిక్షణ పూర్తి చేసి ఉండాలి.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. మూల పరిశోధన, పాత అధ్యయనాల ఫలితాలను కలిపి లెక్కగట్టే మెటా అనాలిసిస్, వాటిని పద్ధతిగా సమీక్షించే సిస్టమాటిక్ రివ్యూ, పలువురు రోగుల గురించి రాసే కేస్ సిరీస్ మాత్రమే లెక్కలోకి వస్తాయి. ఒక్క రోగి గురించి రాసిన కేస్ రిపోర్టు రాదు. మీ ఫైలులోని పెన్సిలు 11ను ఒకసారి విప్పి చూడమని మనవి. అందులో కేస్ రిపోర్టులెన్ని, మూడో స్థానం తరువాతి పేర్లెన్ని అని లెక్కిస్తే ఆ అంకె రెండుకో మూడుకో దిగిరావచ్చు.

2025లో వచ్చిన కొత్త నిబంధనలతో, ప్రభుత్వ ఆసుపత్రుల్లో పదేళ్ల అనుభవమున్న స్పెషలిస్టులు నేరుగా అసోసియేట్ ప్రొఫెసర్లుగా వచ్చే దారి కూడా తెరుచుకుంది. మన దగ్గర 2016లో మహబూబ్‌నగర్, 2019లో నల్లగొండ, సూర్యాపేట, 2022లో నాగర్‌కర్నూలు, వనపర్తి అంటూ ప్రభుత్వ కళాశాలలు వరుసగా వచ్చాయి. పోస్టులు నింపక తప్పదు కనుక ఈ సడలింపు ఎందుకో అర్థమవుతుంది. అయితే నాలుగేళ్లు నమూనాలు మోసిన మనిషి పక్కన, పరిశోధనలో అంత అనుభవం లేని మనిషి పై మెట్టులో కూర్చునే పరిస్థితి దీనివల్ల వస్తుంది. మీరు అభిప్రాయం రాసేటప్పుడు ఇది మనసులో ఉంచుకోవాలి.

జడ్చర్ల కూడలి:

పెద్దలు మన్నించాలి, నేను అంకెల పక్షాన మాట్లాడతాను. "పనిని చదివి తూచాలి" అని వినడానికి హాయిగా ఉంటుంది. చదివేది ఎవరు? నేను కూర్చున్న ఒక ఎంపిక కమిటీలో ముగ్గురు సభ్యులు కలిసి ఒక్క వ్యాసం కూడా తెరవలేదు. ఒక అభ్యర్థి గురించి "ఆయన ఫలానా సార్ శిష్యుడు" అన్న మాటతోనే అయిదు నిమిషాల్లో పని ముగించారు. మా నాన్న బీడీ ఆకు కోసి నన్ను చదివించాడు. నా తరఫున ఫోను చేసే వారు ఎవరూ లేని రోజున నన్ను కాపాడింది నా వ్యాసాల లెక్కే. ఆ లెక్కను తీసివేసి పెద్దల విచక్షణకు వదిలేస్తే, ఆ విచక్షణ ఏ ఇంటి వాకిట్లో ఆగుతుందో మనందరికీ తెలుసు.

రెండోది. ఆమెకు అర్హత ఉన్నదో లేదో చూడమంటే సరే. కానీ ఒకటిన్నర పేపరును "లోతైన పని" అని పొగిడితే, రేపు ఏ పనీ చేయనివారందరూ తమది లోతేనంటారు.

డిండి వాగు:

దేవరకొండ దగ్గర పుట్టి, ఇప్పుడు అమెరికాలో ఒక వైద్య విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నాను. ఇక్కడ ఇలాంటి మూల్యాంకన లేఖలు ఏటా నాలుగైదు రాస్తాను కాబట్టి ఇక్కడి పద్ధతి చెబుతాను. దాన్ని యథాతథంగా అక్కడికి తెమ్మనడం లేదు.

ఇక్కడ పరిశోధన వైపు వెళ్లదలచిన యువ వైద్యులకు జాతీయ ఆరోగ్య సంస్థలు కే అనే వరుసలో పురస్కారాలు ఇస్తాయి. రోగులతో ముడిపడిన పరిశోధనకు ఇచ్చేది కే23. అది వచ్చినవారి పని సమయంలో సాధారణంగా 75 శాతం పరిశోధనకే కేటాయించి తీరాలి. అది దాదాపు అయిదేళ్ల వరకు నడుస్తుంది. ఆలోగా ఆర్01 అనే స్వతంత్ర నిధి తెచ్చుకోగలిగితే ఆ వ్యక్తి తన కాళ్ల మీద నిలబడినట్లు. పదోన్నతి వేళ బయటి విశ్వవిద్యాలయాల వారి నుంచి లేఖలు తెప్పిస్తారు. అభ్యర్థితో కలిసి పనిచేసినవారిని ఆ లేఖలకు దూరంగా ఉంచుతారు. జడ్చర్ల కూడలి గారి భయానికి ఇది కొంత మందు కావచ్చు.

ఇక్కడి పద్ధతిలో పుండు కూడా ఉంది. చాలామందికి జీతంలో పెద్ద భాగం నిధుల నుంచే వస్తుంది. నిధి ఆగితే జీతం ఆగుతుంది. అందుచేత నిధి వచ్చే ప్రశ్ననే అడగడం అలవాటవుతుంది.

సార్ ముందున్న ఫైలు విషయానికొస్తే, నేను మొదట అడిగేది హారం గురించి. ఆమెకు పరిశోధన కోసం వారానికి ఎన్ని గంటలు దొరికాయి? 75 శాతం సమయంలో అయిదేళ్లకు వచ్చిన ఫలితాన్ని, ఓపీ, ఇంటర్న్‌ల ఫీల్డు పోస్టింగులు, తనిఖీ ఫైళ్లు, ప్రచార శిబిరాలు అన్నీ ముగిశాక మిగిలిన శనివారం మధ్యాహ్నాల్లో వచ్చిన ఫలితంతో పోల్చితే అది అన్యాయం. ఆమె నుంచి ఒక మామూలు వారపు దినచర్య రాయించుకోండి.

పానగల్లు పాతకాపు:

డిండి వాగు గారి సలహా పట్టుకుని నిన్న కళాశాలకు వెళ్లి వచ్చాను. దినచర్య రాయించాను. అన్నీ కలిపి చూస్తే పరిశోధనకు వారంలో ఒక పూట, బడులు తెరిచి ఉన్న నెలల్లో రెండు పూటలు. అంతే.

ప్రయోగశాల అన్నది నిజానికి పాత స్టోర్‌రూము. కిటికీ కింద ఫ్లోరైడును కొలిచే ఎలక్ట్రోడ్ మీటరు, పక్కన చిన్న ఫ్రిజ్, అందులో ప్లాస్టిక్ సీసాలు. గాజు సీసాలు ఎందుకు లేవని పరీక్షగా అడిగాను. ఫ్లోరైడు గాజును పట్టుకుంటుంది కాబట్టి కొలత తప్పుతుందని వెంటనే చెప్పారు. మొదటి ఏడాది బస్సులో ఐసుపెట్టెలో తెచ్చిన సీసాల మీది లేబుళ్లు తడికి ఊడిపోయి, ఒక బడి నమూనాలన్నీ పారబోశారట. రెండో ఏడాది నుంచి మూతల మీద, సీసాల ఒంటి మీద రెండుచోట్లా చెరగని మార్కర్‌తో అంకె వేస్తున్నారు. ఆ పారబోత సంగతి తన అచ్చయిన వ్యాసంలో పరిమితుల భాగంలో ఒక వాక్యంగా రాశారు. దాచుకోవచ్చు, దాచుకోలేదు. నాకు ఆమె మీద గురి కుదిరింది అక్కడే.

పనికి నాలుగేళ్లు ఎందుకు పట్టిందన్నదానికి జవాబు పిల్లల నోట్లోనే ఉంది. శాశ్వత దంతాల పింగాణీ పొర చిగురు లోపల పసితనంలోనే తయారవుతుంది. ఫ్లోరైడు మచ్చ పడేది అప్పుడే. ఆ పళ్లు బయటికి వచ్చేది ఆరు నుంచి ఎనిమిదేళ్ల వయసులో. అంటే 2017లోనో 2018లోనో ఊరికి మంచినీళ్లు వచ్చాయనుకుంటే, ఆ తరువాత పుట్టిన బిడ్డ ముందుపళ్లు చూడాలంటే 2024, 2025 వరకు ఆగవలసిందే. ఏ పదోన్నతి నిబంధన అయినా పళ్లను ముందుగా మొలిపించలేదు కదా.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ఈ జిల్లాలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ సంస్థ వారు అక్కడితో ఆగక, ఆ ఊళ్ల జొన్నల్లో రాగి, మాలిబ్డినం ఎంతెంత ఉన్నాయో కొలిచారు. ఫ్లోరైడు ఒక్కటే కాదు, తిండి కూడా ఈ వంకరకు తోడవుతున్నదా అన్నది వారి ప్రశ్న. ఒక ప్రశ్నను వదలకుండా పట్టుకునే అలవాటు ఈ నేల మీద కొత్తది కాదు.

థీసిస్ తంటా:

నమస్కారం సార్, నేను పీజీ రెండో సంవత్సరం విద్యార్థిని. చిన్నదాన్నైనా ఒక మాట చెప్పే అవకాశం ఇవ్వండి. మూడో వ్యాసంలో ఆమె పేరు అయిదో స్థానంలో ఎందుకు ఉన్నదో అడిగారా? మా దగ్గర థీసిస్ వ్యాసంగా మారేటప్పుడు పేర్ల వరుస ఎలా కుదురుతుందో చూశాను. డేటా ఎవరు సేకరించారు, విశ్లేషణ ఎవరు చేశారు అన్నదానికంటే ఈ ఏడాది ఎవరికి పదోన్నతి ఉన్నదన్నదే ముందు చూస్తారు. "ఇందులో నా పేరు పెట్టు, అందులో నీ పేరు పెడతాను" అన్న మాట క్యాంటీన్‌లో దాపరికం లేకుండానే వినబడుతుంది. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సమితి రచయిత అనిపించుకోవడానికి నాలుగు షరతులు పెట్టింది. ఆలోచనలో గానీ డేటాలో గానీ గట్టి పాలు ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చేయి ఉండాలి, తుది ప్రతిని ఆమోదించి ఉండాలి, ఏ ప్రశ్న వచ్చినా జవాబుదారీగా నిలబడాలి. ఈ నాలుగోది 2013లో చేరింది. ప్రతి వ్యాసం కింద ఎవరేం చేశారో రాసిన పేరా ఉంటే చూడండి, లేకపోతే ఆమెనే అడగండి.

లెక్కల పంతులు:

బయోస్టాటిస్టిక్స్ చెప్పేవాడిని కనుక కొలమానాల గురించి కొంచెం వివరంగా రాస్తాను.

హెచ్ సూచీ అనేదాన్ని 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించారు. కనీసం 5 సార్లు ఉటంకింపు పొందిన వ్యాసాలు 5 ఉంటే సూచీ 5. ఇది వయసుతో పెరుగుతుందే తప్ప తగ్గదు. అందువల్ల నాలుగేళ్ల ఉద్యోగిని దీనితో కొలవడం, నాటిన ఏడాదే మామిడి చెట్టును కాయల లెక్కతో కొలవడం లాంటిది. శాఖను బట్టి కూడా అంకె మారిపోతుంది. పెద్ద బృందాలతో నడిచే క్లినికల్ ట్రయల్స్ వారికీ, ఊరూరా తిరిగే కమ్యూనిటీ మెడిసిన్ వారికీ ఒకే గీత పెట్టలేం. ఇక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అన్నది ఒక పత్రికలోని వ్యాసాలకు వచ్చే ఉటంకింపుల సగటు. ఏ పత్రికలోనైనా కొద్ది వ్యాసాలకే ఎక్కువ ఉటంకింపులు వస్తాయి, మిగిలినవి ఆ నీడలో బతుకుతాయి. అందుకే వ్యక్తులను పత్రిక అంకెతో తూచవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకున్న ప్రకటన చెప్పింది. 2015లో వచ్చిన లైడెన్ ప్రణాళిక కూడా అంకె నిపుణుడి తీర్పుకు ఊతంగా ఉండాలే గాని దాని స్థానంలో కూర్చోకూడదంది.

అయితే జడ్చర్ల కూడలి గారి మాటను తోసిపుచ్చను. లైడెన్ పత్రమే మరో షరతు కూడా పెట్టింది. మూల్యాంకనానికి గురైనవారికి తమ గురించిన సమాచారాన్ని సరిచూసుకునే వీలుండాలి. ఆ పెన్సిలు అంకెను ఆమె చూశారా?

సార్, ఒక సాంకేతిక ప్రశ్న. పళ్ల మీది ఫ్లోరైడు మచ్చలను తీవ్రతను బట్టి తరగతులుగా విడదీసే డీన్ సూచీతో చూస్తున్నారా? చూస్తే, ఇద్దరు పరిశీలకుల మధ్య ఏకీభావాన్ని కొలిచారా? "చాలా స్వల్పం", "స్వల్పం" అన్న తరగతుల మధ్య గీత ఒకరి కంటికి ఒక్కోలా కనబడుతుంది. ఇది చేసి ఉంటే ఆమె పద్ధతి నేర్చుకున్నట్టే, చేయకపోతే మీ అభిప్రాయంలో ఆ లోటును తప్పక రాయాలి.

కోయిలకొండ దారి:

పాలమూరు వైపు ఒక పీహెచ్‌సీలో వైద్యాధికారిని. కళాశాలల గొడవలు నాకు తెలియవు, ఊళ్లలో ఫాలోఅప్ అంటే ఏమిటో మాత్రం తెలుసు. మా ఊళ్ల కుటుంబాలు పంటలు అయిపోగానే ముంబై, పుణె పనులకు వెళ్తాయి, పిల్లలూ వెంటే వెళ్తారు. ఏప్రిల్‌లో సర్వేకు వెళ్తే సగం ఇళ్లకు తాళం. దసరాకో, పీర్ల పండుగకో వెళ్తే ఇల్లంతా మనుషులు. నేను ఒక చిన్న సర్వేలో ఈ సంగతి గమనించక ఒక ఏడాది పోగొట్టుకున్నాను. ఆమె పిల్లల్లో రెండో ఏడాదికి ఎందరు మిగిలారు, మిగలని వారి కోసం ఏం చేశారు అని అడగండి. ఆ జవాబులో నాలుగేళ్ల అనుభవం ఉందో లేదో తెలిసిపోతుంది.

ఇంకొకటి. బడిపిల్లల నుంచి మూత్రం తీసుకోవడమంటే తల్లిదండ్రుల సమ్మతితో సరిపోదు. 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు దాటిన బిడ్డ నోటి మాటగానైనా సరేననాలి, పన్నెండు దాటితే రాతపూర్వకంగా కావాలి. ఎథిక్స్ కమిటీ అనుమతికే మా దగ్గర నెలలు పట్టింది. ఆ నెలలు ఏ వ్యాసంలోనూ కనబడవు.

జడ్చర్ల కూడలి:

పంతులు గారూ, కోయిలకొండ దారి గారూ అడిగిన ప్రశ్నల వంటివి కమిటీలు అడిగితే నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఎవరి శిష్యుడైనా ఆ ప్రశ్నలకు ఫోనుతో జవాబు చెప్పలేడు. కానీ కనీస అర్హత అంకెను మాత్రం ముట్టుకోవద్దు. ఆమె రెండో వ్యాసం అచ్చుకు అంగీకారం పొందే వరకు పదోన్నతి ఆగవలసిందే. ఇది ఆమె మీద కోపంతో అనడం లేదు.

పానగల్లు పాతకాపు:

అందరి ప్రశ్నలూ పట్టుకుని మళ్లీ వెళ్లాను, జవాబులు తెచ్చాను.

పళ్లను డీన్ సూచీతోనే చూస్తున్నారు. దంత వైద్యురాలైన మరొకరితో కలిసి ముందుగా ఫొటోల మీద, తరువాత పిల్లల మీద సాధన చేసి, ఇద్దరి ఏకీభావాన్ని కప్పా విలువతో లెక్కగట్టారు. తొలి విడతలో అది తక్కువగా రావడంతో ఆ విడత పరీక్షలు మళ్లీ చేశారు. వలస సంగతి ఆమెకు రెండో ఏడాదిలో తెలిసింది. అప్పటి నుంచి బడి హాజరు పట్టీని నమ్మకుండా, ఆశా కార్యకర్తల దగ్గర ఎవరు ఊరిలో ఉన్నారో కనుక్కుని తేదీలు పెట్టుకుంటున్నారు. అయిదో స్థానం పేరు గురించి అడిగితే కాసేపు మాట్లాడలేదు. ఆ డేటాలో సగం తాను తెచ్చినదేనన్నారు. నేను అంతకన్నా గుచ్చి అడగలేదు, ఆ వ్యాసంలో ఎవరేం చేశారో తెలిపే పేరా లేదని మాత్రం నా అభిప్రాయంలో రాశాను.

పెన్సిలు 11ను కూడా నిబంధనల సంచి గారు చెప్పినట్టు విప్పాను. అందులో 7 కేస్ రిపోర్టులు. మిగిలిన నాలుగింటిలో మొదటి ముగ్గురిలో పేరున్నవి రెండు. అంటే ఆ ఉపాధ్యాయుడు అర్హుడే, అందులో సందేహం లేదు. వాటిలో ఒకటి చదివాను, నిజంగా మంచి పని. అతన్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. పోలికే తప్పుగా పెట్టారు.

చివరికి మూడు పేజీలు రాశాను. మొదటి పేజీలో నిబంధనల ప్రకారం ఈ రోజుకు ఆమెకు ఒక వ్యాసం తక్కువని స్పష్టంగా రాశాను, జడ్చర్ల కూడలి గారి మాట అక్కడ నిలిచింది. రెండో పేజీలో దొరికిన గంటలు, పారబోసిన నమూనాలు, మళ్లీ చేసిన పరీక్షలు, తేదీలు మార్చుకున్న తీరు వివరించాను. చేరిన రోజున ఇతరులు రూపొందించిన ప్రశ్నావళిని నింపగలిగిన మనిషి, ఇప్పుడు తన ప్రశ్నను తానే వేసుకుని, తన తప్పును తానే పట్టుకోగలిగే స్థాయికి వచ్చారని నా తీర్పు. లోటు కూడా రాశాను: గణాంక విశ్లేషణకు ఇంకా ఇతరుల మీద ఆధారపడుతున్నారు, నిధి దరఖాస్తులు రెండూ మరీ పెద్ద లక్ష్యాలతో ఉన్నాయి. మూడో పేజీలో కళాశాలను అడిగినవి రెండే. వారానికి ఒక పూర్తి రోజు ఆమెకు తనిఖీ ఫైళ్ల నుంచి విడుదల. నమూనాలు తేవడానికి నెలకు రెండు రోజులు కళాశాల వాహనం.

సంతకం పెట్టే ముందు ప్రతిని ఆమెకు చూపించాను, పంతులు గారు చెప్పారు కదా. ఆమె మొత్తం చదివి ఒక్క తప్పు దిద్దారు. నేను రాసిన బడుల సంఖ్యలో ఒకటి ఎక్కువ పడిందట.